రోజూ 18 జీబీ: వీఎంలు అవే ప్యాకేజీలను మళ్లీ మళ్లీ దింపుకుంటున్న ఒక కేసు

నేపథ్యం

ఇది ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ కేసు. పేరు, వాళ్లు తయారు చేసే ప్రాడక్ట్, ఇతర గుర్తులు కావాలనే వదిలేస్తున్నాను. పది మంది ఉన్న టీమ్. తమ ప్రాడక్ట్ ఖాళీ మెషీన్ మీద సరిగ్గా ఇన్‌స్టాల్ అవుతుందా లేదా అని చూడటమే వాళ్ల పనిలో పెద్ద భాగం. అందుకని రోజూ పొద్దున్నే పాత వర్చువల్ మెషీన్లను (వీఎంలు, అంటే లాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) చెరిపేసి కొత్తవి లేపుతారు. ఒక్కొక్కరికి మూడు వీఎంలు. రెండు ఉబుంటు, ఒకటి రాకీ లైనక్స్. కింద వీఎంలను నడిపే వర్చువల్‌బాక్స్, దానికి ఆదేశాలిచ్చి నడిపేది వేగ్రంట్. లాప్‌టాప్ తెరవగానే 'వేగ్రంట్ డిస్ట్రాయ్', వెంటనే 'వేగ్రంట్ అప్', ఆ తర్వాత టీ.

ఆ టీ గంట దాటుతోందని నన్ను పిలిచారు.

వచ్చిన ఫిర్యాదు

"ఇంటర్నెట్ స్లో" అన్నది ఫిర్యాదు. వాళ్లది 40 ఎంబీపీఎస్ లైను. దాన్ని రెట్టింపు చేయించుకోవాలా వద్దా చెప్పమన్నారు. ఫిర్యాదుతో పాటే ఒక పరిష్కారం కూడా వచ్చిందంటే నాకు కాస్త అనుమానం. అందుకే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేశాను: ఇదే పని మధ్యాహ్నం ఒక్కరే చేస్తే ఎంతసేపు పడుతుంది? ఇరవై నిమిషాలట. పొద్దున అందరూ కలిసి చేస్తే గంటా పావు.

నాకు దొరికిన మొదటి ఆధారం ఈ తేడానే. ప్యాకేజీలను, అంటే దిగిన సాఫ్ట్‌వేర్ మూటలను, విప్పడం, డిస్కు మీద రాయడం ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లవే జరుగుతాయి, పక్కవాడు ఉన్నా లేకపోయినా వాటికి పట్టే సమయం మారదు. పది మందీ పంచుకునేది లైను ఒక్కటే. ఒకరి సెటప్‌కు దాదాపు 1.8 జీబీ దిగుతోందని హోస్ట్ మెషీన్‌లో, అంటే వీఎంలు నడిచే లాప్‌టాప్‌లో, నెట్‌వర్క్ లెక్క చూస్తే తెలిసింది. పది మందికి 18 జీబీ. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్ కనుక సెకనుకు 5 ఎంబీ, కాబట్టి 18 జీబీ దిగడానికి 3,600 సెకన్లు, సరిగ్గా గంట. లైను రెట్టింపు చేస్తే అరగంట అవుతుంది. కానీ నిన్న దింపినదాన్నే ఇవాళ మళ్లీ దింపడం ఆగదు.

"ముందు క్యాష్ పెడదాం" అన్నాను. మేనేజర్ గారు ఒక్క క్షణం ఆగి, "ఎంత?" అన్నారు. ఆయన అనుకున్నది డబ్బు, నేనన్నది ఒకసారి దింపినదాన్ని దగ్గర్లో దాచుకుని మళ్లీ ఇచ్చే చోటు. తెలుగులో ఈ రెండు క్యాష్‌లకూ ఒకటే స్పెల్లింగ్ కావడం ఈ వృత్తిలో చిన్న తలనొప్పి.

దిగుతున్నది ఏమిటి?

ఏది దిగుతోందో తెలియకుండా క్యాష్ పెట్టడం, చిల్లు ఎక్కడుందో చూడకుండా కుండంతా పూత పూయడం లాంటిది. టీమ్‌లో అందరూ గట్టిగా నమ్మింది ఏమిటంటే, బాక్స్ ఫైలే, అంటే కొత్త వీఎంలకు అచ్చులాంటి ఫైలే, ప్రతిసారీ దిగుతోందని. అది నిజం కాదు. వేగ్రంట్ బాక్స్‌ను ఒకసారి దింపి హోమ్ ఫోల్డర్‌లోని దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. వీఎంను చెరిపేసినా బాక్స్ అక్కడే ఉంటుంది.

మరి 1.8 జీబీ ఎక్కడిది? ఒక పూర్తి సెటప్ తాలూకు అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించి కూర్చుని చదివాను. ఉబుంటులో ప్యాకేజీలు దింపే ఆప్ట్-గెట్ ప్రతి దింపుడు చివర "ఫెచ్డ్ 212 ఎంబీ ఇన్ 44 సెకన్స్" లాంటి వరుస రాస్తుంది. రాకీలో అదే పని చేసే డీఎన్ఎఫ్ అయితే మొత్తం డౌన్‌లోడ్ సైజు చెబుతుంది. ఆ వరుసలన్నీ ఏరి కూడితే మూడు వీఎంలకూ కలిపి ఇలా తేలింది. ప్రాడక్ట్‌కు కావలసిన ప్యాకేజీలు 640 ఎంబీ. బయటి కంపెనీల హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన దారి) రిపాజిటరీల, అంటే ప్యాకేజీలు ఉంచే సర్వర్ల, నుంచి 220. ప్యాకేజీల జాబితాలు, అంటే ఇండెక్సులు, 100. పైథాన్ లైబ్రరీలు 60. మిగిలిన 780 ఎంబీ, వీఎంను సిద్ధం చేసే స్క్రిప్టులో మొట్టమొదటి వరుస పని. ఆ వరుస 'అప్‌గ్రేడ్'.

బాక్స్ ఎనిమిది నెలల పాతది. ఎనిమిది నెలల్లో వచ్చిన అప్‌డేట్లన్నిటినీ రోజూ పొద్దున దింపి, సాయంత్రానికి పని ముగించి, మర్నాడు చెరిపేసి, మళ్లీ దింపుతున్నారు. కొత్త బాక్స్ వచ్చిందని వేగ్రంట్ రోజూ 'అప్' చేయగానే పసుపు రంగులో ఒక వరుస రాస్తూనే ఉంది. అయితే అది కబురు చెప్పడం వరకే, బాక్స్‌ను తనంతట తాను మార్చదు. 'బాక్స్ అప్‌డేట్' అని మనం అడగాలి. ఆ పసుపు వరుసను ఎవరూ చదవలేదు. నేనైనా మొదటి రెండుసార్లు చదవలేదు.

బాక్స్ మార్చాం. 780 కాస్తా 50 దగ్గరికి వచ్చింది. పది నిమిషాల పని. ఈ కేసంతటిలో పెట్టిన శ్రమకు ఇంత ఫలితమిచ్చిన మార్పు మరొకటి లేదు, ఇందులో క్యాషింగ్ ప్రసక్తే లేదు. అక్కడితో ఎందుకు ఆగలేదంటే, మిగిలినది ఇంకా ఒకరికి 1.07 జీబీ. పది మంది ఒకేసారి దింపితే 35 నిమిషాలు. పైగా కొత్త బాక్స్ కూడా రోజురోజుకూ పాతదవుతుంది.

అన్ని ప్యాకేజీలూ ముందే ఎక్కించిన బాక్స్ ఒకటి తయారు చేసుకుంటే అసలు డౌన్‌లోడే ఉండదు కదా అని ఒకరు అడిగారు. చాలా టీమ్‌లకు అదే సరైన జవాబు. ఇక్కడ వద్దన్నాను. వీళ్లు పరీక్షిస్తున్నది ఇన్‌స్టాల్ ప్రక్రియనే. కావలసిన లైబ్రరీ బాక్స్‌లో ముందే ఉంటే, దాన్ని స్క్రిప్ట్ అడగడం మర్చిపోయిందన్న తప్పు ఎప్పటికీ బయటపడదు. మెషీన్ ఖాళీగా ఉండాలి, డౌన్‌లోడ్ మాత్రం దగ్గర్నుంచి జరగాలి.

మొదటి ప్రయత్నం: షేర్డ్ ఫోల్డర్

ఉబుంటు ప్యాకేజీ వ్యవస్థ ఆప్ట్ తాను దింపిన డెబ్ ఫైళ్లను (ప్యాకేజీలను) ఆర్కైవ్స్ అనే ఫోల్డర్‌లో ఉంచుతుంది. దాన్ని హోస్ట్‌లోని ఒక ఫోల్డర్‌కు కలిపేస్తే, వీఎం పోయినా ఫైళ్లు మిగులుతాయి. దీనికి ప్లగిన్‌లు కూడా ఉన్నాయి. కొత్త సర్వర్ అక్కర్లేదు, రెండు వరుసల మార్పు, నచ్చకపోతే తీసేయవచ్చు. మొదట దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే.

ఒక వీఎంతో బ్రహ్మాండంగా నడిచింది. మూడింటితో మొదలుపెట్టాక మూడు రకాలుగా దెబ్బతింది.

ఫోల్డర్‌లో కొన్ని ప్యాకేజీలు నిలుస్తున్నాయి, కొన్ని నిలవట్లేదు. ఒకరు రాసిన స్క్రిప్టులో 'ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్' ఉంది, ఇంకొకరి దాంట్లో 'ఆప్ట్ ఇన్‌స్టాల్' ఉంది. చూడటానికి ఒకటే. కానీ ఆప్ట్-గెట్ దింపిన ఫైళ్లను ఉంచుతుంది. ఆప్ట్ మాత్రం ఇన్‌స్టాల్ విజయవంతమైతే వాటిని తుడిచేస్తుంది. ఇది కనిపెట్టడానికి నాకు అర పూట పట్టింది.

రెండోది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక స్క్రిప్ట్ చివర, డిస్కు స్థలం మిగల్చాలని ఎప్పుడో ఎవరో శ్రద్ధగా రాసిన 'ఆప్ట్-గెట్ క్లీన్' ఉంది. ఫోల్డర్ ఇప్పుడు అందరిదీ. ఒక వీఎం తన గది ఊడ్చుకున్నాననుకుని ఇల్లంతా ఖాళీ చేస్తోంది.

మూడోది నిజంగా ప్రమాదకరమైనది. ఇద్దరు ఒకేసారి ఆ ఫోల్డర్‌లో రాయకుండా ఆప్ట్ ఒక లాక్ పెట్టుకుంటుంది. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్‌లో ఒక వీఎం పెట్టిన లాక్ ఇంకో వీఎంకు కనిపించలేదు. రెండు ఉబుంటులూ ఒకే సగం ఫైల్‌లో రాసుకున్నాయి. ఫలితం "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్". అంటే దిగిన ఫైల్ వేలిముద్ర (హ్యాష్) జాబితాలోని దానితో సరిపోలేదన్న ఎర్రర్. వారానికి రెండు మూడుసార్లు వచ్చేది, ఎప్పుడొస్తుందో చెప్పలేం. రోజూ నిదానంగా లేచే వీఎంను టీమ్ భరించగలదు గానీ, అప్పుడప్పుడూ అకారణంగా పడిపోయే వీఎం ఉంటే టెస్ట్ ఫలితాల మీదే నమ్మకం పోతుంది. తీసేశాం.

ఈ మూడూ సరిచేసినా ఇంకో సంగతి ఉంది. అది ఒక లాప్‌టాప్ క్యాష్. పది లాప్‌టాప్‌లకు పది క్యాష్‌లు.

రెండో ప్రయత్నం: స్క్విడ్

ఖాళీగా ఉన్న ఒక పాత డెస్క్‌టాప్ మీద స్క్విడ్ అనే ప్రాక్సీ (బయటికి వెళ్లే రిక్వెస్టులను మధ్యలో అందుకుని, వచ్చినవి దాచుకునే సర్వర్) పెట్టి, వీఎంలన్నీ దాని ద్వారా వెళ్లేలా చేశాం. ఆప్ట్, డీఎన్ఎఫ్ రెండింటికీ ఒకటే పరిష్కారం అవుతుందని ఆశ.

మూడో రోజున లెక్కలు చూశాను. వచ్చిన రిక్వెస్టుల్లో 61 శాతం క్యాష్ నుంచే వెళ్తున్నాయి. బాగుందనుకుంటూ పక్క వరుస చూశాను. బైట్ల లెక్కన 9 శాతం. చిన్న ఫైళ్లన్నీ క్యాష్‌లో ఉన్నాయి, పెద్దవన్నీ బయట నుంచే వస్తున్నాయి. కారణం స్క్విడ్ డిఫాల్ట్. 4 ఎంబీ దాటిన ఫైల్‌ను అది దాచుకోదు. వెబ్ పేజీలకు అది సరిపోతుంది. కంపైలర్లు, జావా, కెర్నల్ హెడర్ల లాంటివి దాన్ని సునాయాసంగా దాటేస్తాయి. పరిమితి పెంచాను, ఏం మారలేదు. ఆ వరుసను కాన్ఫిగ్ ఫైల్‌లో డిస్కు క్యాష్ వరుసకు పైన పెట్టాలని తర్వాత తెలిసింది. పైకి జరిపాక మారింది.

ఆ తర్వాత నేను స్వయంగా ఒక తప్పు చేశాను. ఎక్కడో చూసిన ఒక రూల్‌ను ఎక్కువ ఆలోచించకుండా పెట్టేశాను. ఉబుంటు రిపాజిటరీ నుంచి వచ్చే ప్రతి ఫైల్‌నూ 90 రోజులు ఉంచు, క్లయింట్ తాజాది అడిగినా వినకు అని దాని అర్థం. నాలుగో రోజు నుంచి 404లు, అంటే 'ఆ ఫైల్ లేదు' అన్న జవాబులు, మొదలయ్యాయి. డెబ్ ఫైల్ పేరులోనే వెర్షన్ ఉంటుంది, ఆ పేరుతో ఉన్న ఫైల్ ఎప్పటికీ మారదు, 90 రోజులు కాదు 900 రోజులు ఉంచినా తప్పు లేదు. ఇండెక్స్ అలా కాదు. పేరు అదే, లోపలి విషయం రోజూ మారుతుంది. మేం నాలుగు రోజుల కిందటి ఇండెక్స్‌ను పట్టుకుని కూర్చున్నాం. అందులో ఉన్న వెర్షన్‌ను, కొత్త సెక్యూరిటీ అప్‌డేట్ రాగానే, మిర్రర్ (రిపాజిటరీ నకలు ఉంచే సర్వర్) తీసేసింది. క్యాష్‌లో ఉన్న ప్యాకేజీలు చక్కగా దిగుతున్నాయి, లేనిది అడిగితే 404. అందుకే ఒకరికి పనిచేసింది, ఇంకొకరికి చేయలేదు.

రాకీ వీఎం సంగతి వేరు. దాని హిట్లు, అంటే క్యాష్ నుంచి దొరికినవి, దాదాపు సున్నా. లాగ్ తెరిచి ఒకే ఆర్‌పీఎం ఫైల్ (రాకీ ప్యాకేజీ) పేరు వెతికితే వరుసగా ఐదు చోట్ల కనిపించింది, ఐదింటిలో ఐదు వేర్వేరు సర్వర్ల పేర్లు. డీఎన్ఎఫ్ ప్రతిసారీ మిర్రర్ల జాబితా తెప్పించుకుని అందులో తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. ఫైల్ ఒకటే, అడ్రస్ వేరు. క్యాష్‌కు ఫైల్ లోపల ఏముందో తెలియదు, ఏ పేరుతో అడిగారన్నదే తెలుసు. ఒకే మనిషిని ఐదు పేర్లతో పిలిస్తే ఐదుగురనుకుంటుంది. ఈ కేసులో నా ఆలోచన మలుపు తిరిగింది ఈ లాగ్ దగ్గరే. అప్పటిదాకా "ఎక్కడ దాచాలి" అని ఆలోచిస్తున్నాను. ఆ తర్వాత ప్రతి రిపాజిటరీకీ "పది మందీ ఒకే పేరుతో అడుగుతున్నారా" అని చూడటం మొదలుపెట్టాను.

ఆ ప్రశ్నతో చూస్తే హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీల సమస్య కూడా అదే. ప్రాక్సీకి అక్కడ పేరే కనిపించదు. సర్వర్ ఎవరో తెలుస్తుంది, ఆ తర్వాతంతా మూసిన సొరంగం. మన సొంత సర్టిఫికెట్‌తో సొరంగాన్ని మధ్యలో తెరిచే పద్ధతి ఉంది. వద్దనుకున్నాను. అందుకోసం ఆ సర్టిఫికెట్‌ను ప్రతి వీఎంలో నమ్మించాలి, అప్పుడు అది ఖాళీ మెషీన్ కాదు. 220 ఎంబీ కోసం అంత పెద్ద తలుపు తెరవడం అనవసరం.

పనిచేసినది

ఉబుంటు వీఎంల కోసం అదే డెస్క్‌టాప్ మీద ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే, ఆప్ట్ ప్యాకేజీల కోసమే చేసిన క్యాష్ ప్రాక్సీ పెట్టాం. అది పలికే తలుపు నంబరు, అంటే పోర్ట్, 3142. స్క్విడ్ ఉండగా ఇంకోటి ఎందుకంటే, దీనికి ప్యాకేజీ ఫైల్ ఏదో, ఇండెక్స్ ఏదో పుట్టుకతోనే తెలుసు. మొదటిదాన్ని అలాగే ఉంచుతుంది, రెండోది తాజాదేనా అని అడిగి చూసుకుంటుంది. నేను రూల్ రాసి చెడగొట్టే అవకాశం తక్కువ. అదీగాక వేర్వేరు ఉబుంటు మిర్రర్ల అడ్రస్‌లను అది ఒకే రిపాజిటరీగా చూస్తుంది.

మొదటి రోజే ఒక ఎర్రర్ వచ్చింది. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీ దగ్గర 403, పక్కనే సొరంగానికి అనుమతి లేదు, అడ్మిన్‌ను అడగండి అని. ఆ అడ్మిన్ నేనే. అనుమతి ఇస్తే దిగుతుంది గానీ క్యాష్ కాదు. అందుకని సోర్స్ లిస్టులో ఆ అడ్రస్‌ను క్యాషర్ కోరే పద్ధతిలో రాశాం. వీఎం నుంచి క్యాషర్ దాకా మామూలు హెచ్‌టీటీపీ, అక్కడి నుంచి బయటికి హెచ్‌టీటీపీఎస్. ఇప్పుడు దానికి పేరు కనిపిస్తుంది.

"మధ్యలో ఆ డెస్క్‌టాప్‌లో ఎవరైనా ప్యాకేజీ మార్చేస్తే?" అని ఒక టెస్టర్ అడిగింది. మంచి ప్రశ్న. రిపాజిటరీ మూలంలో ఉండే రిలీజ్ ఫైల్ మీద జీపీజీ సంతకం (దాన్ని తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం) ఉంటుంది. అందులో ఇండెక్సుల హ్యాష్‌లు, ఇండెక్స్‌లో ప్రతి డెబ్ ఫైల్ హ్యాష్. మధ్యలో ఒక్క బైట్ మారినా వీఎంలోని ఆప్ట్ తిప్పికొడుతుంది. ఆ సంతకం సరిచూసే తాళంచెవి వీఎంలో ఉంది, క్యాష్ దగ్గర లేదు. వినగానే నమ్మకుండా ఆమె క్యాష్‌లోని ఒక ఫైల్‌ను ఎడిటర్‌తో కెలికి చూసింది. ఆప్ట్ ఒప్పుకోలేదు.

రాకీకి స్క్విడ్‌నే ఉంచాం. రిపాజిటరీ ఫైళ్లలో మిర్రర్ జాబితా వరుసను కామెంట్ చేసి, ఒకే స్థిరమైన అడ్రస్ ఇచ్చాం. ఆ ఒక్క సర్వర్ పడిపోతే వేరే దారి ఉండదు, తెలిసే ఒప్పుకున్నాం. పైథాన్ లైబ్రరీలను వదిలేశాం. 60 ఎంబీ కోసం మూడో సర్వీస్‌ను సాకడం దండగ.

ఒకరోజు పొద్దున క్యాషర్ లాగ్ తెరిచి చూశాను. బయట నుంచి తెచ్చినదానికి 'ఐ', లోపలికి ఇచ్చినదానికి 'ఓ' అని గుర్తులుంటాయి. ఒక పెద్ద ప్యాకేజీకి ఒక 'ఐ', దాని కింద ఇరవై 'ఓ'లు. పది మంది, తలా రెండు ఉబుంటులు. రోజుకు 18 జీబీ ఉన్నది ఒక జీబీ చుట్టుపక్కలకు వచ్చింది, అందులోనూ సగానికి పైగా ఆ వదిలేసిన పైథాన్ లైబ్రరీలే. గంటా పావు పట్టే సెటప్ ఇప్పుడు పావుగంటకు కాస్త అటూ ఇటూ. ఇంకా తగ్గదా అంటే, ఆ పావుగంటా ప్యాకేజీలు విప్పి డిస్కు మీద రాసే సమయం. క్యాష్ దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత నేర్చుకున్నవి

నిజం చెప్పాలంటే పాఠాలన్నీ "అయిపోయింది" అనుకున్నాకే వచ్చాయి.

ఒకతను లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడ ప్రాక్సీ లేదు, ఆప్ట్ మొత్తానికే ఆగిపోయింది. క్యాష్ ఉంటే వేగం పెరగాలి, లేకపోతే పని నిదానించాలి అంతే. పని ఆగిపోయిందంటే తప్పు క్యాష్ పెట్టిన నాది. ప్రాక్సీ అడ్రస్‌ను ఫైల్‌లో గట్టిగా రాసేయకుండా, ఆప్ట్‌లో ప్రాక్సీని వెతికే చిన్న స్క్రిప్ట్ ఇచ్చే సౌకర్యం ఉంది, దాన్ని వాడాం. పోర్ట్ 3142 ఒక సెకనులో పలికితే ఆ అడ్రస్ చెప్పు, లేకపోతే 'డైరెక్ట్', అంటే ప్రాక్సీ లేకుండా నేరుగా వెళ్లు, అని చెప్పు.

తర్వాతిది పరువు తక్కువ పని. ఒక వీఎంను ఎక్స్‌పోర్ట్ చేసి కస్టమర్‌కు పంపారు. అప్పటికి అందులో పాత గట్టి అడ్రస్సే ఉంది. కస్టమర్ మెషీన్ మా లోపలి నెట్‌వర్క్ అడ్రస్ కోసం వెతుకుతూ కూర్చుంది. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ స్క్రిప్ట్‌లో మొదటి పని ప్రాక్సీ ఫైల్ తీసేయడం, రెండో పని అది నిజంగా పోయిందా అని చూడటం.

ఆఖరిది నాలుగు నెలల తర్వాత. ఒక పొద్దున ఎవరి వీఎమూ లేవలేదు. డెస్క్‌టాప్ డిస్కు నిండిపోయింది. ఏ ఇండెక్స్‌లోనూ లేని పాత ఫైళ్లను క్యాషర్ రోజూ తీసేయాలి. కానీ ఒక బయటి రిపాజిటరీ మూతపడి, దాని ఇండెక్స్ దిగడం మానేసింది. ఇండెక్స్ చూడకుండా ఏది పాతదో తేల్చడం కుదరదు కాబట్టి ఆ క్లీనింగ్ ప్రతి రాత్రీ మధ్యలో ఆగిపోయేది. ఎర్రర్ రిపోర్ట్ పేజీలో రోజూ పడుతూనే ఉంది. ఆ పసుపు వరుస లాగే దీన్నీ ఎవరూ చదవలేదు, ఈసారి 'ఎవరూ'లో మొదటి పేరు నాదే.

మరి మా వెతికే స్క్రిప్ట్ ఎందుకు 'డైరెక్ట్' అనలేదు? పోర్ట్ పలుకుతూనే ఉంది కదా. తలుపు తెరిచి ఉంది, లోపల మనిషే పడిపోయాడు. ఇప్పుడు ఆ స్క్రిప్ట్ పోర్ట్‌ను తట్టి ఊరుకోదు. క్యాషర్ ద్వారా ఉబుంటు రిలీజ్ ఫైల్‌ను అడుగుతుంది, రెండు సెకన్లలో అది చేతికొస్తేనే ప్రాక్సీ అడ్రస్ చెబుతుంది. డిస్కు 80 శాతం దాటితే టీమ్ చాట్‌లో మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్‌కు పసుపు రంగు పెట్టొద్దని వాళ్లే అన్నారు.